రేడియో నియంత్రిత శిక్షణ విమాన నమూనా

రేడియో నియంత్రిత శిక్షణ విమాన నమూనా అంటే, నేలపై నిలబడి రేడియో సంకేతాలతో చిన్న విమానాన్ని నడపడం కొత్తగా నేర్చుకునేవారి కోసం ప్రత్యేకంగా రూపొందించిన నమూనా విమానం. అభిరుచి గలవారి వాడుకలో దీనిని ట్రైనర్ అంటారు. ఈ వ్యాసం ప్రధానంగా ఇంధనంతో నడిచే ఇంజను గల శిక్షణ విమానాల గురించి, మొదటి విమానాన్ని ఎంచుకునేటప్పుడు పరిశీలించవలసిన విషయాల గురించి వివరిస్తుంది.

ఇటువంటి విమానం చూడడానికి బొమ్మలా ఉన్నా బొమ్మ కాదు. 2.6 కిలోగ్రాముల విమానం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజ శక్తి సుమారు 360 జౌళ్ళు. 10 కిలోల బస్తా మూడున్నర మీటర్లకు పైబడిన ఎత్తు నుండి మనిషిపై పడితే ఎంత దెబ్బ తగులుతుందో ఇదీ అంతే. 28 సెంటీమీటర్ల ప్రొపెల్లరు నిమిషానికి 12,000 సార్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 600 కిలోమీటర్లు దాటుతుంది. వేలు తగిలితే తెగుతుంది. కాబట్టి విమానం ఎంపికలో డబ్బుతో పాటు మనుషుల భద్రత కూడా ఇమిడి ఉంది.

కొత్తవారు సాధారణంగా రూపాన్ని చూసి విమానాన్ని ఎంచుకుంటారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పేరు పొందిన స్పిట్‌ఫైర్, మస్టాంగ్ వంటి యుద్ధ విమానాల నమూనాలు ఎవరినైనా ఆకర్షిస్తాయి. అయితే ఇవి క్షణక్షణమూ పైలటు సవరిస్తూ ఉంటేనే నిటారుగా ఎగురుతాయి. నేర్చుకునేవాని చేతిలో ఇటువంటి విమానం మొదటి నిమిషంలోనే నేలకూలడం సర్వసాధారణం. మంచి శిక్షణ విమానానికి ప్రధానమైన పరీక్ష ఒక్కటే: పైలటు కంగారుపడి చేతులు వదిలేస్తే విమానం తనంత తానుగా సర్దుకొని ఎగరగలగాలి. కింద వివరించిన లక్షణాలలో చాలావరకు ఈ ఒక్క అవసరం నుండి పుట్టినవే.

పేరులో తికమక

అమెరికాలో పెట్రోలును గ్యాస్ అని పిలుస్తారు. అందువలన ఆంగ్ల పుస్తకాలలోనూ అమ్మకపు జాబితాలలోనూ గ్యాస్ విమానం అనే మాట తరచుగా కనిపిస్తుంది. దీనికి వంటగ్యాసుతో సంబంధం లేదు. పైగా ఈ మాటను రెండు వేర్వేరు రకాల ఇంజన్లకు వాడుతుంటారు. మొదటిది మిథనాల్ ఆధారిత ఇంధనంతో నడిచే గ్లో ఇంజను, రెండవది నిజంగా పెట్రోలుతో నడిచే ఇంజను. ఒకదాని ఇంధనం రెండవదానికి పనికిరాదు. ఇంధన గొట్టాలు సైతం వేరు. గ్లో విమానాలలో వాడే సిలికోన్ గొట్టం పెట్రోలు తగిలితే ఉబ్బి పాడవుతుంది. దుకాణదారుని అడగవలసిన మొదటి ప్రశ్న ఈ రెండింటిలో ఏది అన్నదే.

చరిత్ర

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్ 1937లో తమ గఫ్ అనే నమూనా విమానాన్ని రేడియోతో నియంత్రించి ఎగురవేశారు. రేడియో నియంత్రణలో ఇది తొలి విజయాలలో ఒకటి. ఆ విమానం ఇప్పుడు స్మిత్‌సోనియన్ సంస్థ వారి జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియం సేకరణలో ఉంది.

ఆ కాలపు రేడియో పరికరాలు బరువైనవి, నమ్మదగనివి. తరువాత చాలాకాలం వరకు అనేక నమూనాలలో రేడియోకు అందుబాటులో ఉన్నది తోకలోని రడ్డరు ఒక్కటే. మిగిలిన పని అంతా విమానమే చూసుకోవలసి వచ్చేది. అందుకే అవి ఏ నియంత్రణా లేకుండా స్వేచ్ఛగా ఎగిరే నమూనాల పద్ధతిలో, పైకి వంచిన పెద్ద రెక్కలతో తయారయ్యేవి. నేటి శిక్షణ విమానపు ఆకారం ఈ వంశానికి చెందినదే. అది పాతకాలపు విమానంలా కనిపించడానికి కారణం ఇదే.

ఆకారం

శిక్షణ విమానంలో రెక్క మొండెం పైభాగాన ఉంటుంది. బరువు రెక్క కింద లోలకంలా వేలాడటం వలన విమానం స్థిరంగా ఉంటుందని చాలా పుస్తకాలలో రాస్తారు. ఇది పూర్తిగా సరైన వివరణ కాదు. విమానం ఒక పక్కకు ఒరిగినప్పుడు అది ఆ పక్కకే కొంత జారుతుంది. అప్పుడు పక్కనుండి తాకే గాలి మొండెం చుట్టూ మళ్ళి, కిందికి వాలిన రెక్కను పైకి నెడుతుంది. రెక్క మొండెం అడుగున ఉంటే ఇదే గాలి వ్యతిరేకంగా పనిచేసి వాలును ఇంకా పెంచుతుంది.

రెక్కల కొసలు మధ్యభాగం కంటే కొంచెం ఎత్తుగా ఉండేలా అమర్చడాన్ని డైహెడ్రల్ అంటారు. ముందునుండి చూస్తే రెక్క బాగా విప్పిన వి ఆకారంలో కనిపిస్తుంది. విమానం జారినప్పుడు కిందికి వాలిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి, ఆ వైపు పైకెత్తే బలం పెరుగుతుంది. దీనితో విమానం తిరిగి సమతలానికి వస్తుంది. విన్యాసాల విమానాలలో ఈ గుణం ఉండకూడదు కనుక వాటి రెక్కలు తిన్నగా ఉంటాయి.

రెక్క అడ్డుకోత కూడా ముఖ్యమే. మందంగా, అడుగున దాదాపు చదునుగా ఉండే రెక్క తక్కువ వేగంలోనే చాలినంత బలాన్ని ఇస్తుంది. వేగం మరీ తగ్గి రెక్క ఆ బలాన్ని కోల్పోవడాన్ని స్టాల్ అంటారు. సన్నని, కొసకు పోనుపోను కుదించుకుపోయే రెక్కలు గల యుద్ధ విమానపు నమూనా స్టాల్ అయితే ఒక రెక్క హఠాత్తుగా పడిపోయి విమానం గిరగిరా తిరుగుతుంది. శిక్షణ విమానం ముక్కు వంచి, కొంత ఎత్తు కోల్పోయి, మళ్ళీ వేగం పుంజుకుంటుంది. చదును అడుగు రెక్కకు ఒక లోపం లేకపోలేదు. ఇంజను వేగం పెంచగానే విమానం తనంత తానే పైకి ఎగబాకుతుంది, ఎదురుగాలిలో ఊగిసలాడుతుంది. నేర్చుకునే దశలో ఇది భరించదగినదే.

విమానం పెద్దదైతే నడపడం కష్టమనే భావన సాధారణంగా ఉంటుంది. వాస్తవం దీనికి విరుద్ధం. పెద్ద విమానం దూరం నుండి స్పష్టంగా కనిపిస్తుంది, నిదానంగా స్పందిస్తుంది, చిన్నపాటి గాలికి చలించదు. రెక్క పొడవు 150 నుండి 180 సెంటీమీటర్లు ఉండటం మంచిది. ఇంకా పెద్దదైతే వాహనంలో తీసుకుపోవడం సమస్య అవుతుంది.

రెక్క భారం

విమానాన్ని చూడకుండానే దాని స్వభావాన్ని తెలిపే అంకె ఒకటి ఉంది. విమానపు మొత్తం బరువును రెక్క వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే రెక్క భారం. దీనిని చదరపు డెసీమీటరుకు ఇన్ని గ్రాములు అని చెబుతారు.

అమెరికాలోని సిగ్ సంస్థ రూపొందించిన కాడెట్ ఎల్‌టీ-40 అనే ప్రసిద్ధ శిక్షణ విమానాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని రెక్క పొడవు 178 సెంటీమీటర్లు, వైశాల్యం 58 చదరపు డెసీమీటర్లు, బరువు సుమారు 2.6 కిలోలు. అంటే రెక్క భారం సుమారు 45 గ్రాములు. ఇటువంటి విమానం గంటకు 28 కిలోమీటర్ల ప్రాంతంలో కూడా గాలిలో నిలవగలదు. అంటే వేగంగా తొక్కే సైకిలుతో పోల్చదగిన వేగం. రెక్క భారం రెట్టింపై 90 గ్రాములైతే కనీస వేగం 1.4 రెట్లు పెరిగి సుమారు 40 కిలోమీటర్లు అవుతుంది. దిగేటప్పుడు నేలను తాకే శక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, అదే బరువు గల విమానంలో దెబ్బ రెట్టింపవుతుంది. ఆలోచించుకునే సమయమూ తగ్గుతుంది. మొదటి విమానానికి ఈ అంకె 55 గ్రాముల లోపు ఉండటం శ్రేయస్కరం.

తెలుగు ప్రాంతాలలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంది. తయారీదారుల లెక్కలు సాధారణంగా చల్లని ప్రదేశాలను, సముద్రమట్టాన్ని దృష్టిలో ఉంచుకొని చేసినవి. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి సాంద్రత ప్రామాణిక విలువ కంటే దాదాపు 14 శాతం తక్కువ. విమానం గాలిలోకి లేవడానికి సుమారు 8 శాతం ఎక్కువ వేగం అవసరమవుతుంది, అదే సమయంలో ఇంజను శక్తి తగ్గుతుంది. చలికాలపు ఉదయం చక్కగా లేచిన విమానం వేసవి మధ్యాహ్నం మైదానం చివరి వరకు పరుగెత్తడానికి కారణం ఇదే.

ఇంజను

గ్లో ఇంజన్ల పరిమాణాన్ని ఘనపు అంగుళాలలో చెప్పడం ఆనవాయితీ. 0.40 ఘనపు అంగుళాల ఇంజనును నలభై తరగతి అంటారు. ఇది సుమారు 6.5 సీసీలకు సమానం. విమానం పేరులో 40 అనే అంకె ఉంటే అది సాధారణంగా ఈ ఇంజను తరగతినే సూచిస్తుంది. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా కొత్తవారు నేర్చుకున్నది ఎక్కువగా ఈ తరగతి విమానాలపైనే. అందుచేత వీటి విడిభాగాలు, సలహాలు, పాత విమానాలు విరివిగా దొరుకుతాయి.

గ్లో ఇంజనులో స్పార్కు ఉండదు. ప్లగ్గులోని ప్లాటినం మిశ్రమపు సన్నని తీగచుట్టను 1.5 వోల్టుల బ్యాటరీతో ఎర్రగా కాల్చి ఇంజనును ప్రారంభిస్తారు. తరువాత బ్యాటరీ తీసివేసినా సిలిండరులోని వేడి వలన, మిథనాల్‌పై ప్లాటినం చూపే ఉత్ప్రేరక ప్రభావం వలన తీగ కాలుతూనే ఉంటుంది. రే ఆర్డెన్ అనే అమెరికన్ 1940ల చివరలో ఈ ప్లగ్గును మార్కెట్టులోకి తెచ్చాడు. బరువైన ఇగ్నిషను కాయిలు, దాని బ్యాటరీ విమానంలో మోయవలసిన అవసరం దీనితో తప్పింది.

ఇంజను ఎంపికలో శక్తి కంటే నమ్మకం ముఖ్యం. జపానుకు చెందిన ఓ.ఎస్. సంస్థ తయారు చేసిన 46ఏఎక్స్ వంటి 7.45 సీసీల ఇంజను శిక్షణ విమానానికి అవసరమైన దానికంటే ఎక్కువ శక్తినే ఇస్తుంది. సమతలంగా ఎగరడానికి అందులో సగం చాలు. పరిశీలించవలసినది ఇంజను సులభంగా మొదలవుతుందా, మందగతిలో ఆగకుండా తిరుగుతుందా అన్నది. దిగబోయే సమయంలో మందగతిలో ఇంజను ఆగిపోతే మళ్ళీ ప్రయత్నించే అవకాశం ఉండదు. కొత్త ఇంజనును ముందుగా నేలపై, నూనె ఎక్కువగా అందేలా, విడతలు విడతలుగా నడిపి అరగదీయాలి. ఈ పనికి ఓపిక లేక విమానంలో బిగించేసేవారు ఎక్కువ. గాలిలో ఇంజను ఆగిపోవడానికి తరచుగా కనిపించే కారణాలలో ఇదొకటి.

గ్లో ఇంధనంలో అధిక భాగం మిథనాల్, సుమారు 20 శాతం నూనె ఉంటాయి. మందగతి సాఫీగా ఉండటానికి 5 నుండి 15 శాతం నైట్రోమీథేన్ కలుపుతారు. ఈ నూనెలలో నేటికీ పేరున్నది ఆముదం. ఆముదం మిథనాల్‌లో కరుగుతుంది, మిక్కిలి వేడిలో కూడా లోహంపై పొరను నిలుపుతుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు నిజమైన విమానాల ఇంజన్లలోనూ దీనినే వాడారు. మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల మెట్ట చేలలో పండే ఆముదపు పంటకు, విమానాలకు ఇంత దగ్గర సంబంధం ఉందన్నది చాలామందికి తెలియని విషయం. అయితే మందుల దుకాణంలో దొరికే ఆముదం, ప్రయోగశాల మిథనాల్ తెచ్చి ఇంట్లో కలపడం కొత్తవారు చేయవలసిన పని కాదు. మిథనాల్ తీవ్రమైన విషం. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ప్రాణాలూ పోవచ్చు. చర్మం ద్వారా సైతం శరీరంలోకి ఇంకుతుంది. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. ఇంధనాన్ని పేరు రాసిన డబ్బాలోనే, పిల్లలకు అందకుండా ఉంచాలి. నీళ్ళ సీసాలో పోసి పెట్టడం ఎంతమాత్రం తగదు.

పెట్రోలు ఇంజను విషయంలో ఒక వైరుధ్యం ఉంది. ఇంధనం బంకులోనే దొరుకుతుంది, గ్లో ఇంధనంతో పోలిస్తే ఎంతో చవక, ఖర్చయ్యేదీ తక్కువే. రెండు స్ట్రోకుల నూనె కలిపితే చాలు. కానీ ఇంజను ఖరీదు, బరువు ఎక్కువ. చాలాకాలం వీటిలో 20 సీసీల పైబడినవే అందుబాటులో ఉండేవి. అంతకంటే చిన్నవి తరువాత వచ్చాయి. దానికి తగిన విమానం రెండు మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, పడితే జరిగే నష్టమూ అదే నిష్పత్తిలో ఉంటుంది. ఇగ్నిషను పరికరం రేడియో రిసీవరుకు అంతరాయం కలిగించకుండా దూరంగా అమర్చాలి. భారతదేశంలో 2025 నాటికి బంకులలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సాధారణమైంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కార్బ్యురేటరులోని సన్నని పొరలను పాడుచేయగలదు. ఎగురవేయడం పూర్తికాగానే ట్యాంకు ఖాళీ చేయడం అవసరం. ఈ కారణాల వలన పెట్రోలు విమానాన్ని రెండవ విమానంగా ఎంచుకోవడమే మేలు.

2000ల మధ్య నుండి లిథియం పాలిమర్ బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు చవకబడడంతో కొత్తవారిలో చాలామంది విద్యుత్ విమానాలకు మళ్ళారు. ఒంటరిగా నేర్చుకునేవారికి, ఇంజను పనిపై ఆసక్తి లేనివారికి అవే తగినవి. ఇంధన ఇంజను ఇచ్చేది వేరు. ట్యాంకు నిండితే పది పదిహేను నిమిషాల ప్రయాణం, రెండు నిమిషాలలో మళ్ళీ సిద్ధం. అంతేకాక కార్బ్యురేటరు, సంపీడనం, గాలి–ఇంధన నిష్పత్తి వంటి విషయాలు చేతులకు అనుభవమవుతాయి. ఇంజనీరింగు విద్యార్థులకు ఇది చిన్న లాభం కాదు.

రేడియో

శిక్షణ విమానానికి కనీసం నాలుగు చానళ్ళు కావాలి. ఇవి రెక్కలపై ఉండే ఐలెరాన్లకు, తోకలోని ఎలివేటరుకు, రడ్డరుకు, ఇంజను వేగానికి. ఆరు చానళ్ళ సెట్టు కొంటే తరువాతి విమానాలకూ పనికివస్తుంది. విమానం కూలినా రేడియో చేతిలోనే ఉంటుంది కనుక, డబ్బు ఎక్కువ పెట్టవలసినది దీనిపైనే.

పూర్వం అమెరికాలో 72 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేసే సెట్లు వాడుకలో ఉండేవి. ఒకే చానలుపై ఇద్దరు ఒకేసారి సెట్లు ఆన్ చేస్తే గాలిలో ఉన్న విమానం కూలిపోయేది. మైదానంలో చానలు బిళ్ళ ఎవరి దగ్గర ఉంటే వారే ఎగురవేయాలనే నియమం ఇందుకే పుట్టింది. 2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు రావడంతో ఈ ప్రమాదం చాలావరకు తొలగింది. చవకగా వస్తున్నది కదా అని పాత 72 మెగాహెర్ట్జ్ సెట్టు కొనడం వలన లాభం లేదు.

ఇంజను వేగపు స్టిక్కు ఎడమ చేతి వైపు ఉంటే మోడ్ 2 అని, కుడి వైపు ఉంటే మోడ్ 1 అని అంటారు. రెండింటిలో ఏదీ ఎక్కువ కాదు. నేర్పే వ్యక్తి ఏది వాడితే అదే కొనాలి. గురుశిష్యుల సెట్లను కలిపే సౌకర్యం ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. ఈ పద్ధతిలో గురువు ఒక మీట నొక్కి ఉంచినంతసేపు విమానం శిష్యుని అధీనంలో ఉంటుంది, వదలగానే తిరిగి గురువు చేతికి వస్తుంది.

గురువు అవసరం ఎందుకంటే, విమానం దూరంగా పోతున్నంతసేపు కుడి ఎడమలు సరిగానే ఉంటాయి. అది పైలటు వైపు తిరిగి రాగానే తారుమారవుతాయి. మొదటి రోజులలో విమానాలు కూలేది ఎక్కువగా ఇక్కడే. తనవైపు వస్తున్నప్పుడు ఏ రెక్క పడిపోతున్నదో ఆ వైపుకే స్టిక్కును నెట్టాలన్నది శిక్షకులు చెప్పే చిట్కా. కంప్యూటరు సిమ్యులేటరుపై కొన్ని వారాలు సాధన చేస్తే ఇది అలవాటవుతుంది. అక్కడ కూలిన విమానానికి ఖర్చు ఉండదు.

కిట్టు, సిద్ధ విమానం, పాత విమానం

బాల్సా కర్ర ముక్కలను అతికించి విమానాన్ని మొదటి నుండి కట్టుకునేది కిట్టు. దీనికి వారాలు పడుతుంది. దాదాపు కూర్చి అమ్మేవాటిని ఏ.ఆర్.ఎఫ్. అంటారు. ఇవి కొన్ని సాయంత్రాలలో సిద్ధమవుతాయి. కొత్తవారికి రెండవదే అనుకూలం. కానీ కిట్టు కట్టినవారికి విమానం విరిగితే బాగుచేయడం తెలుస్తుంది. బాల్సా విమానం విరగడం సహజం, అతకడం సులభం. ఇంటింటా తెలిసిన ఫెవిక్విక్ వంటి సయనోఅక్రిలేట్ జిగురే ఈ రంగంలోనూ ప్రధాన ఆయుధం. ఇంజను బిగించే చోట మాత్రం ఎపాక్సీ వాడాలి.

పాత విమానం కొనేటప్పుడు రంగును కాక ముక్కు లోపలి భాగాన్ని చూడాలి. ఇంజను బిగించిన పలక నూనె పీల్చి నల్లబడి మెత్తగా ఉంటే అక్కడ జిగురు అంటదు, అటువంటిదాన్ని వదిలేయాలి. ఇంజను బిగుసుకుపోయి ఉంటే అది చెడిపోయినట్లు కాదు. ఆముదం గట్టిపడి ఉండవచ్చు, వేడిచేస్తే వదులవుతుంది. తిప్పినప్పుడు గరగరమంటే బేరింగులు తుప్పుపట్టినట్లు. విడిభాగాలు దొరుకుతాయో లేదో ముందే తెలుసుకోవాలి. పీటీ-40, నెక్స్‌స్టార్ వంటి పేరున్న శిక్షణ విమానాలను అందించిన హాబికో సంస్థ 2018 జనవరిలో దివాలా ప్రకటించింది. దాని వ్యాపారంలో కొంత భాగాన్ని హొరైజన్ హాబీ సంస్థ కొన్నది.

చక్రాల విషయం కూడా గమనించాలి. ముక్కు కింద ఒకటి, రెక్క కింద రెండు చక్రాలు ఉండే అమరిక తారు దారిపై తిన్నగా పరుగెత్తుతుంది. గడ్డి, గులకరాళ్ళు ఉన్న మన మైదానాలలో ముక్కు చక్రపు కడ్డీ తరచుగా వంగుతుంది. పెద్ద చక్రాలు వేయడం, అదనపు కడ్డీ ఒకటి దగ్గర ఉంచుకోవడం దీనికి పరిష్కారం.

ఎగురవేసే ముందు

గరిమనాభి సూచించిన చోట ఉండాలి. సాధారణంగా అది రెక్క ముందు అంచు నుండి రెక్క వెడల్పులో పావు మొదలు మూడో వంతు లోపు ఉంటుంది. ముక్కు బరువైన విమానం మందకొడిగా ఎగురుతుంది, తోక బరువైనది అదుపులో నిలవదు. ఐలెరాన్లు, ఎలివేటరు, రడ్డరు సరైన దిశలో కదులుతున్నాయో లేదో ప్రతిసారీ చూడాలి. సర్వో తిరగబడి ఉండటం అనుభవజ్ఞులకు కూడా విమానాన్ని పోగొట్టిన పొరపాటు. ఇంజను మొదలుపెట్టిన తరువాత సూది సవరింపు ప్రొపెల్లరు వెనుక నుండే చేయాలి. దాని తిరుగుడు తలానికి సూటిగా ఎవరూ నిలబడరాదు.

స్థలం, నియమాలు

భారతదేశంలో 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నియమాలు 25 కిలోలకు మించని, విద్య, పరిశోధన లేదా వినోదం కోసం కంటిచూపు మేరలో నడిపే నమూనా విమానాలను ప్రత్యేకంగా నిర్వచించి, వాటికి టైప్ సర్టిఫికెట్టు అవసరం లేదని పేర్కొన్నాయి. గగనతల పరిమితులు మాత్రం వీటికీ వర్తిస్తాయి. హరిత మండలంలో 120 మీటర్ల ఎత్తు వరకు, విమానాశ్రయపు సరిహద్దుకు 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య అయితే 60 మీటర్ల వరకు ముందస్తు అనుమతి లేకుండా ఎగురవేయవచ్చు. అంతకంటే దగ్గరైతే అనుమతి కావాలి. శంషాబాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన క్షేత్రాల వలన హైదరాబాదులో, నౌకాదళ స్థావరం వలన విశాఖపట్నంలో తగిన స్థలం దొరకడం కష్టం. బయలుదేరే ముందు అధికారిక గగనతల పటాన్ని చూసుకోవడం తప్పనిసరి.

అమెరికాలో ఉన్న తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు ఈ అభిరుచిని చేపట్టాలంటే, 250 గ్రాములు మించిన విమానానికి సమాఖ్య విమానయాన సంస్థ వద్ద నమోదు, వినోద పైలట్ల కోసం పెట్టిన ఉచిత ఆన్‌లైన్ పరీక్ష పూర్తిచేయడం అవసరం. అక్కడ 1936 నుండి ఉన్న అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్‌కు అనుబంధంగా అనేక క్లబ్బులు శిక్షకులతో సహా పనిచేస్తున్నాయి. భారతదేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగపు శిక్షణలో ఏరోమోడలింగ్ ఒక అంశం. కళాశాలలో ఆ విభాగం ఉన్న విద్యార్థులు విమానం కొనడానికి ముందు అక్కడి బోధకుని కలిస్తే, ఆయన ఏ మోడ్ వాడతాడో, ఏ ఇంధనం దొరుకుతుందో తెలుస్తుంది.